కర్పూరం పద్దు: బామ్ వాసన కొట్టిన ఒక రోజ్‌మేరీ కొలోన్ కేసు

"ఇదేంటండీ, మోకాళ్లకి రాసుకునేదిలా ఉంది?"

మూడు వారాలు కూర్చుని చేసిన పెర్ఫ్యూమ్ ట్రయల్‌ని స్ట్రిప్ (వాసన చూసే కాగితపు ముక్క) మీద ముంచి ఇస్తే క్లయింట్ అన్న మొదటి మాట అది. అందులో మంచి బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు నూనె) ఉంది, నిమ్మ ఉంది, ఏరి కోరి వేసిన మస్క్‌లు ఉన్నాయి. అవేవీ ఆవిడ దాకా చేరలేదు. రెండు సెకన్లలో బామ్ డబ్బా గుర్తొచ్చింది, ఇక ఆ తర్వాత ఏం చెప్పినా వినే పరిస్థితి లేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ అన్నాక నాకూ అదే వాసన వచ్చింది. అంతకు ముందు రాలేదు. రోజూ అదే సీసా వాసన చూసే ముక్కుకి ఆ జబ్బు ఉంటుంది.

కావలసింది పాత కొలోన్ బాణీలో ఒక ఓ ద టాయిలెట్, ఆల్కహాల్‌లో 10 శాతం గాఢత. రోజ్‌మేరీ పేరు మీదే బయటికి వస్తుంది కాబట్టి దాన్ని మూలన దాచేసే వీలు లేదు. బ్రీఫ్‌లో ఒకే వాక్యం ఉంది: "రెమ్మని వేళ్ల మధ్య నలిపినట్టు ఉండాలి." చదవడానికి చిన్న కోరికే. ఎంత పెద్దదో చేయడం మొదలుపెట్టాక తెలిసింది.

రోజ్‌మేరీ పెర్ఫ్యూమరీకి కొత్త సరుకేం కాదు. హంగరీ రాణి పేరుతో ప్రసిద్ధమైన పాత సుగంధ జలంలో అసలు సరుకు ఇదే. 14వ శతాబ్దం నాటిదని చెప్పే రాణి కథ కథే అనుకున్నా, ఆల్కహాల్‌లో రోజ్‌మేరీని పట్టి తీసిన నీరు యూరప్‌లో చాలా కాలం వాడుకలో ఉంది. 1709లో కొలోన్ నగరంలో ఫరీనా కంపెనీ మొదలయ్యాక స్థిరపడిన కొలోన్ బాణీలో కూడా నిమ్మజాతి నూనెల కింద లావెండర్, రోజ్‌మేరీ ఉండటం మామూలే. మరి వాళ్లెవరికీ రాని బామ్ గోల మనకెందుకు? నా అభిప్రాయం, ఇది నూనెలో వచ్చిన మార్పు కాదు, మన జ్ఞాపకాల్లో వచ్చినది. కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ కలిపిన డబ్బాలు ఇంటింటికీ చేరాక ఆ మూడింటి కలయికకి మన ముక్కులో "మందు" అనే చీటీ అతుక్కుపోయింది. రోజ్‌మేరీలో ఆ మూడింట్లో రెండు పుట్టుకతోనే ఉన్నాయి: కర్పూరం, యూకలిప్టస్‌కి ప్రాణమైన సినియోల్.

మొదటి ఫార్ములా ఇలా ఉండేది. వెయ్యి పాళ్లకి బెర్గమాట్ 190, నిమ్మ 70, పెటిట్‌గ్రెయిన్ 40, లావెండిన్ గ్రోసో (ఒక లావెండర్ సంకరం) 90, ట్యునీషియా రోజ్‌మేరీ 60, డాల్మేషియన్ సేజ్ 12, పెప్పర్‌మింట్ 6. మిగతా సగం పైచిలుకు హెడియోన్, ఐసో ఈ సూపర్, కూమరిన్, ఎవర్నిల్, మస్క్‌లు లాంటి విడి సుగంధ రసాయనాలు. పేపర్ మీద చూస్తే ఎవరూ తప్పు పట్టరు.

తప్పుదారిలో మూడు ట్రయల్స్

ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. బామ్ వాసనకి కారణం రోజ్‌మేరీ కాబట్టి రోజ్‌మేరీ తగ్గించాను, 60 నుంచి 30కి. రెండో ట్రయల్‌లో రోజ్‌మేరీ సగం పోయింది, బామ్ మాత్రం అక్కడే కూర్చుంది. పైగా స్ట్రిప్ అరగంట పక్కన పెట్టి చూస్తే మొదటి దానికంటే ఘోరం: బట్టల బీరువాలో గోళీల వాసన.

మూడో ట్రయల్‌లో పెప్పర్‌మింట్ తీసేశాను. అసలు దాన్ని వేయడమే నా తెలివితక్కువతనం. తాజాదనం కోసం వేశానని నోట్‌బుక్‌లో రాసుకున్నాను, కానీ మెంథాల్ చేరగానే బామ్‌లోని మూడో ముక్క కూడా నేనే తెచ్చి పెట్టినట్టయింది. అది తీశాక కొంత నయం. చల్లదనం పోయింది, కర్పూరం పోలేదు.

నాలుగోసారి ఘాటుని తీపితో కప్పుదామని వెనిలిన్, కాస్త బెంజాయిన్ (సాంబ్రాణి) వేశాను. దగ్గు బిళ్ల తయారైంది. కర్పూరం, సినియోల్ ఉన్న చోట తీపి వేస్తే మందు వాసన తగ్గదు, పిల్లల మందు అవుతుంది. ఈ ట్రయల్‌ని క్లయింట్‌కి చూపించలేదు.

పద్దు రాయడం

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. నూనెల పేర్లు పక్కన పెట్టి, ఒక్కో నూనెకి సప్లయర్ ఇచ్చిన జీసీ రిపోర్ట్ (నూనెలో ఏ పదార్థం ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష కాగితం) తీసి, ఫార్ములాలో మొత్తం కర్పూరం ఎంత, మొత్తం సినియోల్ ఎంత అని పద్దు వేశాను.

రోజ్‌మేరీ లాట్‌లో కర్పూరం 11 శాతం, సినియోల్ 46 శాతం. 60 పాళ్లు వేశాను కాబట్టి కర్పూరం 6.6, సినియోల్ 27.6 పాళ్లు. ఇది ఊహించిందే. తర్వాతి పంక్తి దగ్గర ఆగిపోయాను. లావెండిన్ గ్రోసోలో కర్పూరం 7 శాతం. 90 పాళ్లకి 6.3. అంటే రోజ్‌మేరీ ఎంత కర్పూరం తెస్తోందో, అమాయకంగా పక్కన నిలబడ్డ లావెండిన్ కూడా దాదాపు అంతే తెస్తోంది. డాల్మేషియన్ సేజ్ 12 పాళ్లే, కానీ అందులో 18 శాతం కర్పూరం, ఇంకో 2.2. మొత్తం 15 పాళ్లు. ఇందులో రోజ్‌మేరీ వాటా సగం కూడా లేదు.

రెండో ట్రయల్ ఎందుకు చెడిందో కూడా ఈ పద్దులోనే దొరికింది. రోజ్‌మేరీ సగానికి తగ్గిస్తే కర్పూరం 15 నుంచి 11.8కి వచ్చింది, ఐదో వంతు తగ్గిందంతే. సినియోల్ మాత్రం, మిగతా నూనెలది కూడా కలిపితే, 33.6 నుంచి 19.8కి పడిపోయింది, అంటే నలభై శాతం. తేలికగా ఎగిరే, కాస్త శుభ్రంగా అనిపించే భాగాన్ని తీసేసి, మొండిగా కూర్చునే భాగాన్ని వదిలేశాను. బాయిలింగ్ పాయింట్లు చూస్తే క్రమం తెలుస్తుంది: రోజ్‌మేరీలోనే ఉండే పైన్ వాసన పదార్థం ఆల్ఫా పైనీన్ సుమారు 155 డిగ్రీలు, సినియోల్ 176, కర్పూరం 204. స్ట్రిప్ మీద ఏది ఎంతసేపు ఉంటుందో ఈ ఒక్క అంకెతో తేల్చలేం గానీ, ఎవరు ముందు వెళ్తారో, ఎవరు వెనక మిగులుతారో చెప్పడానికి చాలు. బెర్గమాట్‌లో, నిమ్మలో ఉన్న లిమోనీన్ కూడా 176 దగ్గరే, కాబట్టి అదీ తొందరగా వెళ్లిపోతుంది. అరగంటకి అందరూ వెళ్లిపోయాక గదిలో కర్పూరం ఒక్కటే మిగిలింది. అదే బీరువా వాసన.

సేజ్ సంగతి ఒకటి చెప్పాలి. రోజ్‌మేరీని వృక్షశాస్త్రం వాళ్లు 2017లో సేజ్ కుటుంబపు ప్రజాతి సాల్వియాలో కలిపేశారు, రోస్మరైనస్ అఫిసినాలిస్ కాస్తా సాల్వియా రోస్మరైనస్ అయింది. పాత పేరు మార్కెట్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఆ పేరు మార్పుని నేను పట్టించుకోలేదు గానీ, ముక్కుతో చూస్తే ఆ చుట్టరికం నిజమే. డాల్మేషియన్ సేజ్ కూడా కర్పూరం, సినియోల్ రెండూ మోసుకొస్తుంది. రోజ్‌మేరీకి తోడుగా సేజ్ వేయడమంటే ఒకే ఇంటి నుంచి ఇద్దరిని పనిలో పెట్టుకోవడమే.

ఏ రోజ్‌మేరీ?

ఇక్కడే అసలు విషయం. రోజ్‌మేరీ నూనె అనే ఒకే సరుకు లేదు. ఎక్కడ పెరిగింది, ఏ రకం మొక్క అన్నదాన్ని బట్టి లోపలి కూర్పు మారిపోతుంది. దీన్నే కీమోటైప్ అంటాం. ఐఎస్ఓ 1342 ప్రమాణం దీన్ని రెండు రకాలుగా విడదీస్తుంది: ట్యునీషియా, మొరాకో రకం ఒకటి, స్పెయిన్ రకం ఒకటి. మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం యూరోపియన్ ఫార్మకోపియాదీ అదే విభజన. అందులో ట్యునీషియా, మొరాకో రకానికి సినియోల్ 38 నుంచి 55 శాతం, కర్పూరం 5 నుంచి 15. స్పెయిన్ రకంలో సినియోల్ 16 నుంచి 25 శాతమే, కర్పూరం 13 నుంచి 21 దాకా, ఆల్ఫా పైనీన్ 18 నుంచి 26. వీటికి బయట కోర్సికా నుంచి పేరు తెచ్చుకున్న వెర్బెనోన్ రకం ఉంది, వెర్బెనోన్ అనే పదార్థమే దాని గుర్తు. దాని లాట్లు ఒకదానికొకటి పోలవు, ఖరీదు కూడా ఎక్కువ.

మూడింటినీ ఆల్కహాల్‌లో 10 శాతానికి కరిగించి, మూడు స్ట్రిప్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. ట్యునీషియా రకం ముక్కులోకి సూటిగా దూసుకొస్తుంది, చల్లగా, శుభ్రంగా. యూకలిప్టస్ అని పొరబడటం తేలిక. స్పెయిన్ రకం మొదటి నిమిషం అందంగా, రెసిన్ పట్టిన పైన్ కట్టెలా ఉంటుంది, పదిహేను నిమిషాలకి కర్పూరం ముసురుకుంటుంది. వెర్బెనోన్ రకంలో ఆ దూకుడు లేదు. ఆకు, ఎండుగడ్డి, కాస్త పుదీనా నీడ, అడుగున ధూపం లాంటి పొడితనం. వేళ్ల మధ్య నలిపిన రెమ్మకి దగ్గరగా ఉన్నది ఇదే. కాకపోతే ఒంటరిగా వదిలితే నీరసం. దూరం నుంచి ఎవరూ "రోజ్‌మేరీ" అనరు, "ఏదో ఆకు" అంటారు. గుర్తు పట్టించే పని సినియోల్‌దే. దాన్ని పూర్తిగా తీసేస్తే మొక్క పేరు కూడా పోతుంది.

నా దగ్గరున్న వెర్బెనోన్ లాట్‌లో కర్పూరం 5 శాతం, సినియోల్ 9, వెర్బెనోన్ 9, పైనీన్ 30 పైన. ఈ రకం కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఆల్ఫా పైనీన్ గాలి తగిలి పాతబడితే పుట్టే వాటిలో వెర్బెనోన్ కూడా ఉంటుంది. కాబట్టి రిపోర్ట్‌లో వెర్బెనోన్ అంకె పెద్దదిగా ఉందని మురిసిపోకుండా పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత ఆక్సీకరణ చెందిందో చెప్పే అంకె) కూడా అడగాలి. పాతబడిన నూనె టర్పెంటైన్ డబ్బా మూత తీసినట్టు ఉంటుంది, సీసా మెడ దగ్గర జిగురుగా తగులుతుంది. చర్మానికి దురద పుట్టించేది కూడా ప్రధానంగా ఈ ఆక్సీకరణ సరుకే. సగం ఖాళీ అయిన సీసాలో నూనె వదలకుండా చిన్న సీసాలోకి మార్చి, చల్లగా, చీకట్లో పెట్టడం ఈ నూనెకి తప్పనిసరి.

ఇదే సందర్భంలో ఇంకో అపోహ. రోజ్‌మేరీ మంచి యాంటీఆక్సిడెంట్ కదా, ఈ నూనె తనని తానే కాపాడుకోదా అని నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి అడిగింది. ఆ పేరు తెచ్చింది కార్నోసిక్ యాసిడ్, అది ఆవిరితో పైకి రాదు. సాల్వెంట్‌తోనో, కార్బన్ డయాక్సైడ్‌తోనో తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉంటుంది, డిస్టిలేషన్ నూనెలో ఉండదు.

మళ్లీ కట్టడం

ఐదో ట్రయల్‌లో లావెండిన్ మొత్తం తీసేసి అసలు లావెండర్ వేశాను, అదే 90 పాళ్లు. మంచి లావెండర్‌లో కర్పూరం అర శాతం లోపే ఉంటుంది. నా లాట్‌లో 0.4, అంటే 90 పాళ్లకి 0.36 మాత్రమే. దాదాపు 6 పాళ్ల కర్పూరం ఒక్క మార్పుతో మాయమైంది. లావెండిన్ చవక కాబట్టి అలవాటుగా చెయ్యి అటు పోతుంది. సబ్బుకీ డిటర్జెంట్‌కీ అది బంగారం లాంటి సరుకే, కాదనను. ఇక్కడ మాత్రం దాని గొడవ రోజ్‌మేరీ మీద పడింది.

సేజ్ బదులు క్లారీ సేజ్ 25 పాళ్లు. పేర్లు ఒకటే గానీ ఇది వేరే మనిషి. ఇందులో సగానికి పైగా లినలైల్ ఎసిటేట్ అనే మెత్తటి వాసన పదార్థం, కర్పూరం లెక్కలోకి రానంత తక్కువ. బెర్గమాట్, లావెండర్, పెటిట్‌గ్రెయిన్, క్లారీ సేజ్ నాలుగింటికీ లినలైల్ ఎసిటేట్ ఉమ్మడి ఆస్తి, కాబట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. రోజ్‌మేరీ వాటి మధ్యలోంచి తల పైకెత్తితే ఘాటుగా కాకుండా మెత్తగా కనిపిస్తుంది.

రోజ్‌మేరీ: ట్యునీషియా రకం 25, వెర్బెనోన్ రకం 45. మొత్తం 70. అంటే మొదటి ట్రయల్‌లో 60 ఉంటే ఇప్పుడు ఇంకా పెరిగింది. పద్దు చూస్తే కర్పూరం ట్యునీషియా నుంచి 2.75, వెర్బెనోన్ రకం నుంచి 2.25, లావెండర్ 0.36. మొత్తం దాదాపు 5.4. మొదటి 15లో మూడో వంతు కొద్దిగా పైన. రోజ్‌మేరీ పెంచి బామ్ తగ్గించానని చెబితే క్లయింట్ నమ్మలేదు, రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూపించాల్సి వచ్చింది.

నలిపిన ఆకు అనిపించడానికి సిస్-3-హెక్సెనాల్ అణువంత, వెయ్యిలో 1. ఇంకొంచెం వేస్తే అప్పుడే కోసిన పచ్చగడ్డి వచ్చేస్తుంది, రోజ్‌మేరీ అలా ఉండదు. దానిది నీరు నిండిన పచ్చదనం కాదు, ఎండ తిన్న గట్టి ఆకు. ఆ పొడితనం కోసం ఫ్రాంకిన్‌సెన్స్ నూనె 12, పైన్ ఆకుల వాసన వేసే బోర్నైల్ ఎసిటేట్ 4. ఫ్రాంకిన్‌సెన్స్‌లో కూడా పైనీన్ ఉండటం కలిసొచ్చింది. రోజ్‌మేరీ తల నుంచి ధూపపు పొడితనంలోకి అతుకు కనబడకుండా దిగిపోతుంది.

ఒక చేదు నిజం మిగిలింది. రోజ్‌మేరీ నూనె ఎంత వేసినా గంట, గంటన్నర దాటి నిలవదు. ఆ తర్వాత సీసా మీద ఉన్న పేరుకి జవాబు చెప్పాల్సింది అడుగున ఉన్నవాళ్లే. దీనికి నేను ఎక్కువ సమయం పెట్టాను, ఏడు ట్రయల్స్. ఆంబర్, వెనిలా దారి మూసేశాను, కారణం పైన చెప్పిందే. కూమరిన్ 20 నుంచి 32కి పెంచాను, వెర్బెనోన్‌లోని ఎండుగడ్డిని అది అందుకుంటుంది. ఎవర్నిల్‌తో నాచు, లాబ్డానం అతి కొద్దిగా. మధ్యధరా తీరంలో రోజ్‌మేరీ, సిస్టస్ పొదలు పక్కపక్కనే పెరుగుతాయి, ఎండలో ఆ రెండూ కలిసే వాసన వేస్తాయి. లాబ్డానం వచ్చేది సిస్టస్ నుంచే. అది వేశాక మూడో గంటలో కూడా రోజ్‌మేరీ ఇంకా ఉన్నట్టు భ్రమ కలిగింది. నూనె ఎప్పుడో వెళ్లిపోయింది, దాని ఊరు మిగిలింది.

రెండు వారాలు ఆల్కహాల్‌లో ఊరనిచ్చాక, పెర్ఫ్యూమ్‌తో సంబంధం లేని ఆరుగురికి పేరు చెప్పకుండా ఇచ్చి ఒక్క మాట రాయమన్నాను. మొదటి ట్రయల్‌కి నలుగురు మందు, బామ్ అనే రాశారు. దీనికి ఆ మాట ఎవరూ రాయలేదు. ఒకరు "షేవింగ్ క్రీమ్" అని రాశారు. లావెండర్, కూమరిన్, నాచు ఒకచోట చేరిస్తే 1882 నాటి హూబిగాంట్ ఫూజేర్ రాయల్ నుంచి వచ్చిన వంశం అది. అబ్బాయిల క్షవరం సామాన్లన్నీ ఆ వంశపు వాసనే మోస్తున్నాయి కాబట్టి ఆ మాట రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. క్లయింట్‌కి అది అభ్యంతరం కాలేదు.

లేబుల్ పని మీద ఒక్క ముక్క. 2023లో యూరోపియన్ యూనియన్ లేబుల్ మీద విడిగా రాయాల్సిన అలర్జెన్ల జాబితాను 26 నుంచి 80 పైకి పెంచింది, అందులో కర్పూరం, పైనీన్ కూడా చేరాయి. చర్మం మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే రాయాలి. మన పద్దు ఎలాగూ సిద్ధంగా ఉంది కాబట్టి ఆ అంకెలు తీయడానికి పది నిమిషాలు పట్టింది.

మళ్లీ ఫోన్

రెండో ప్రొడక్షన్ బ్యాచ్ వెళ్లిన వారానికి ఫోన్. "అండీ, మళ్లీ మోకాళ్లు వచ్చాయి." ఈసారి ఫార్ములాలో ఒక్క గ్రాము మారలేదు. బ్యాచ్ తీసిన చోట ట్యునీషియా రకం నూనె అయిపోతే కొనుగోలు వాళ్లు వేరే చోట నుంచి తెప్పించారు. సీసా మీద "రోజ్‌మేరీ ఆయిల్", క్యాస్ నంబర్ (సరుకు గుర్తింపు సంఖ్య) 8000-25-7, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రిపోర్ట్ తెప్పించి చూస్తే కర్పూరం 18, సినియోల్ 21. స్పెయిన్ రకం. కల్తీ కాదు, మోసం కాదు, మంచి నూనే. అన్ని రకాలకీ ఒకే క్యాస్ నంబర్, అదే చిక్కు. 25 పాళ్లలో కర్పూరం 2.75 బదులు 4.5 అయింది, మొత్తం 5.4 నుంచి 7.1. అంకెల్లో చిన్న తేడా, అరగంట తర్వాత స్ట్రిప్ మీద పెద్ద తేడా.

తప్పు నాదే. ఫార్ములా షీట్‌లో నేను రాసింది "రోజ్‌మేరీ" అని మాత్రమే. ఇప్పుడు ఆ గడిలో దేశం, కీమోటైప్, కర్పూరం గరిష్ఠం 12 శాతం, సినియోల్ కనిష్ఠం 42, పెరాక్సైడ్ పరిమితి రాశాను. వెర్బెనోన్ రకానికి వేరే వరుస, వేరే కోడ్. రిపోర్ట్ లేకుండా డ్రమ్ము లోపలికి రాకూడదన్న షరతు కూడా.

తర్వాతి పంట వెర్బెనోన్ లాట్‌లో కర్పూరం 5 కాదు, 7 శాతం వచ్చింది. 45 పాళ్లకి 3.15. ట్యునీషియా రకాన్ని 25 నుంచి 17కి దింపాను, అక్కడ నుంచి 1.87. లావెండర్‌ది 0.36. మొత్తం మళ్లీ 5.4 దగ్గరే ఆగింది. తల భాగంలో కొంచెం బోసిపోయినట్టు అనిపిస్తే ఫ్రాంకిన్‌సెన్స్ మూడు పాళ్లు పెంచాను. బ్యాచ్ వెళ్లి నెల దాటింది, ఫోన్ రాలేదు.